కంప్యూటరు మాటల వెనుకనున్న వస్తువులు

జంగారెడ్డిగూడెమున పొగాకు వేలము జరుగు దినములలో వేలము కేంద్రపు నేలమీద బేళ్లు వరుసలు తీరి యుండును. పూర్వము వేలము పాడువాడు ధర పలుకుచు ముందు నడచుచుండ, కొనువారు వెంట నడచుచు సైగలతోను కేకలతోను ధర పెంచెడివారు. ఎలక్ట్రానిక్ వేలము వచ్చిన పిమ్మట ఆ సందడి తగ్గినది. వ్యాపారి తన చేతనున్న చిన్న పరికరముపై అంకెలు నొక్కును. ఆ అంకె కంటికి కనబడని దారిని పోయి మరియొక యంత్రమును చేరును. ఎవరి ధర హెచ్చో ఆ యంత్రమే తేల్చును. బేలు ప్రక్కన నిలిచిన రైతునకు ఆ యంత్రము పేరు తెలియును. అతడు దానిని "సర్వరు" అనును. బ్యాంకులోను, చౌకధరల దుకాణము వద్దను "సర్వరు పనిచేయుట లేదు" అను మాట అతడు అనేక పర్యాయములు విని యున్నాడు.

అదే ఊరి ఉన్నత పాఠశాలలో ఒక విద్యార్థిని "మెమరీ యనగా నేమి?" అని అడిగినచో పుస్తకములోని నిర్వచనమును తడబాటు లేక అప్పగించును. "అది యెట్లుండును? చేతితో పట్టుకొనవచ్చునా? దానికా పేరు ఎందులకు వచ్చినది?" అని అడిగినచో ఊరకుండును. మాట వచ్చినది, వస్తువు రాలేదు.

కంప్యూటరు శాస్త్రమున నేడు వాడుకలో నున్న మాటలలో పెక్కు ఒకప్పుడు చేతికి తగిలెడు వస్తువుల పేర్లు, లేదా చేతులతో చేసిన పనుల పేర్లు. వస్తువులు మారిపోయినవి, పేర్లు మిగిలినవి. ఆ వస్తువులను తయారుచేసి, అమర్చి, చెడినప్పుడు బాగుచేసిన వారిలో తెలుగువారు తొలినాటి నుండియు కలరు. ఆ కథ కొంతవరకు పశ్చిమ గోదావరి జిల్లా కథయే. 2022లో ఏలూరు జిల్లాలో చేరు వరకు జంగారెడ్డిగూడెము ఆ జిల్లాలోనిదే.

గణకుడు – గణకయంత్రము

"కంప్యూటరు" అను మాట ఆ యంత్రము కంటె చాల పాతది. మూడు శతాబ్దుల పాటు ఇంగ్లీషున ఆ మాటకు లెక్కలు వేయు మనుష్యుడని అర్థము. 1831లో రాధానాథ్ సిక్దార్ అను వంగ యువకుడు భారత మహా త్రికోణమితి సర్వేలో ఉద్యోగమున చేరినప్పుడు ఆయన హోదా పేరు "కంప్యూటరు". తరువాత ఎవరెస్టు అని పేరు పొందిన శిఖరము ఎత్తును కట్టిన గణనలో ఆయనకు ముఖ్యమైన పాలు కలదు.

సంస్కృతమున "గణకుడు" అను మాటయు అట్టిదే. లెక్కలు వేయువాడు, గ్రహగతులు గణించువాడు అని దాని యర్థము. తెలుగున "గణకయంత్రము" అను పేరు వచ్చినప్పుడు అది ఇంగ్లీషు మాట నడచిన త్రోవనే నడచినది. మనిషి పేరు యంత్రమునకు సంక్రమించినది.

అందుచేత యంత్రపు భాగములు తెలియవలె ననిన మొదట గణకుడైన మనిషిని చూడవలెను. 1984లో ఆ పదవి రద్దగు వరకు మన గ్రామములలో ఉండిన కరణమును తలచుకొనుడు. రైతు వచ్చి తన పొలము వివరము చెప్పును, అది ఇన్‌పుట్. కరణము ఇంట చెక్కపెట్టెలో ఏండ్ల తరబడి దస్త్రములు కలవు. అది స్టోరేజి, అనగా నిల్వ. వానిలో నుండి ఇప్పటి పనికి కావలసిన రెండు కాగితములను తీసి ఆయన తన ముందు పరచుకొనును, అది మెమరీ. కూడి గుణించు బుద్ధి ప్రాసెసరు. ముందు ఏ లెక్క, పిదప ఏ లెక్క యని చెప్పు నియమము ప్రోగ్రాము. చివరకు రైతు చేతికిచ్చు చీటి అవుట్‌పుట్.

మెమరీకిని స్టోరేజికిని గల భేదమున విద్యార్థులు తరచుగ పొరబడుదురు. ముందు పరచుకొన్న కాగితములు కొన్నియే, కాని వెంటనే అందును. పెట్టెలోనివి అనేకము, కాని తీయుటకు కాలము పట్టును. కరణము లేచిపోవునప్పుడు పరచిన కాగితములను ఎత్తి పెట్టెలో సర్దకున్నచో అవి చెదరిపోవును. భేద మంతయు ఇదియే.

మొగల్లు నుండి ట్రాంబేకు

భీమవరము సమీపమున, డెల్టా వరిచేల నడుమ మొగల్లు అను గ్రామము కలదు. అయ్యగారి సాంబశివరావుగారు 1914లో అచ్చట జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి, అచ్చటనే కొంతకాలము బోధించిరి. పిమ్మట టాటా విద్యార్థి వేతనముతో అమెరికా పోయి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, తిరిగి వచ్చి హోమీ భాభా నడుపుచుండిన టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిరి. 1956 ఆగస్టు 4న భారతదేశపు మొదటి అణు రియాక్టరు "అప్సర" ట్రాంబేలో పనిచేయ నారంభించెను. దానిని అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ పరికరములను ఆయన నాయకత్వముననే ఇచ్చట తయారు చేసిరి.

ఆ సంవత్సరములలోనే అదే పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్‌గారి బృందము ఒక కంప్యూటరును నిర్మించుచుండెను. 1960లో అది పనికి సిద్ధమైనది. 1962లో జవహర్‌లాల్ నెహ్రూ దానికి "టిఫ్రాక్" అని పేరు పెట్టిరి. అందులో సుమారు 2,700 వాక్యూమ్ గొట్టములు ఉండెను. పరిశోధకులకు అది ఎంతయో ఉపకరించినది. కాని అట్టిది ఒక్కటే. ప్రయోగశాలలో ఒక యంత్రమును నిలబెట్టుట వేరు. ఒకదాని వెంట నొకటిగా తయారుచేసి, అమ్మి, కొన్నవారి చోట అది నడచునట్లు చూచుట వేరు.

ఈ రెండవ పని దేశమున జరుగవలె నన్న తలంపుతో భారత ప్రభుత్వము 1963లో భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ సంఘము నొకదానిని నియమించెను. సాంబశివరావుగారు అందు సభ్యులు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదమున మరణించిరి. ఆ సంవత్సరమే సంఘపు నివేదిక వెలువడినది. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో భారత ఎలక్ట్రానిక్స్ సంస్థ, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడెను. సాంబశివరావుగారు దాని తొలి నిర్వాహకులు. ఆ కర్మాగారమునకు సమీపమున వెలసిన ఏ.ఎస్. రావు నగరు ఆయన పేరనే కలదు. ఆయన 2003లో గతించిరి.

ట్రాంబేలో రూపకల్పన జరిగి 1969లో వెలుగు చూచిన యంత్రము "ట్రాంబే డిజిటల్ కంప్యూటరు – 12". దానిని క్లుప్తముగ టి.డి.సి.-12 అందురు. దానిని అమ్మకమునకు తయారుచేయు పని హైదరాబాదు కర్మాగారమునకు వచ్చెను. 1974లో టి.డి.సి.-312, 1975లో టి.డి.సి.-316, 1978లో మైక్రో-78 వచ్చినవి. ఈ పేర్లలోని అంకెలు అలంకారమునకు పెట్టినవి కావు. 12 అను అంకెను విప్పి చూచినచో పాఠశాల పుస్తకములలోని మూడు నాలుగు మాటలు ఒక్కసారిగా విప్పుకొనును.

తీగలపై గుచ్చిన జ్ఞాపకము

ఆ తరపు యంత్రములలో మెమరీ యనునది చేతితో పట్టుకొనదగిన వస్తువు. ఆవగింజంత ఫెరైటు వలయములను సన్నని తీగలపై పూసలవలె గుచ్చి చట్రమున బిగించెడివారు. మగ్గముమీద పడుగు పేకల వలె కొన్ని తీగలు నిలువుగను, కొన్ని అడ్డముగను పోవును. అవి ఒకదాని నొకటి దాటు ప్రతి చోట ఒక వలయముండును. ఈ చట్రములను అల్లు పని సూదిపని వంటిది. ప్రపంచమున అనేక కర్మాగారములలో దానిని స్త్రీలే చేసిరి.

తీగలో విద్యుత్తు ఒక దిశగా పోయినచో వలయము ఒక వైపునకు అయస్కాంతమగును; ఎదురు దిశగా పోయినచో రెండవ వైపునకు అయస్కాంతమగును. ఒక వైపును 0 అనియు, రెండవ వైపును 1 అనియు అనుకొందము. ఒక్కొక్క వలయము ఈ రెంటిలో ఒకదానిని జ్ఞాపకముంచుకొనును. దీనినే "బిట్" అందురు. రెండంకెల పద్ధతిలోని ఒక అంకె యను ఇంగ్లీషు మాటలను కుదించి జాన్ ట్యూకీ అను గణితవేత్త ఈ పేరు కల్పించెను. 1948లో క్లాడ్ షానన్ తన ప్రసిద్ధ వ్యాసమున దానిని అచ్చు వేయించెను.

వేలాది వలయములలో కావలసిన ఒక్కదానిని పట్టుకొనుట ఎట్లు? ఒక నిలువు తీగలోను, ఒక అడ్డు తీగలోను, వలయమును త్రిప్పుటకు కావలసిన దానిలో సగము చొప్పున విద్యుత్తును పంపుదురు. ఆ రెండు తీగలు కలిసిన చోటనున్న వలయమునకు మాత్రమే రెండు సగములును అంది అది తిరుగును. తక్కినవి సగము బలమునకు కదలవు. వీధి పేరును, ఇంటి వరుసయు చెప్పినచో ఇల్లు దొరకినట్లు ఇచ్చట వలయము దొరకును. "అడ్రసు" అను మాట కంప్యూటరు శాస్త్రమున ఏల వచ్చినదో ఇప్పుడు వేరుగ చెప్ప నక్కరలేదు.

యంత్రము ఒక్కొక్క బిట్టును విడివిడిగ తీయదు. ఒక గుంపును ఒక్కసారి తీసి పనిచేయును. ఆ గుంపునకు "వర్డు", అనగా పదము, అని పేరు. టి.డి.సి.-12లో పదమునకు 12 బిట్లు. పేరు చివరనున్న 12 ఇదియే. టి.డి.సి.-316లో పదమునకు 16 బిట్లు. 12 వలయములు ఒక్కొక్కటి రెండు విధముల నుండగలవు గనుక, 2ను 12 మారులు వేసి గుణించినచో 4,096 విధములు వచ్చును. కావున 12 బిట్ల పదముతో 4,096 ఇండ్లకు నంబర్లు వేయవచ్చును. ఆ యంత్రపు మూల మెమరీ సరిగా అన్ని పదములే. 4,096ను 12చే హెచ్చించినచో 49,152. అన్ని వలయములు కలిసిన వస్తువే ఆ యంత్రపు జ్ఞాపకము.

నేటి లెక్కలో అది ఎంత? ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 6,144 బైట్లు. నేటి యంత్రములు సాధారణముగ వాడు పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు – ప్రతిదియు ఒక గుర్తే. "జంగారెడ్డిగూడెం" అని వ్రాయుటకు 15 గుర్తులు, అనగా 45 బైట్లు, అనగా 360 బిట్లు కావలెను. ఆ ఊరి పేరొక్కటి నిలుపుటకు 360 వలయములు గుచ్చవలసి యుండెడిది. మొత్తము మెమరీలో 2,048 తెలుగు గుర్తులు పట్టును. అది ఇంచుమించు ఇట్టి పత్రికలో ఒక పుట. అంత చిన్న జ్ఞాపకముతో ఆ తరమువారు లెక్కలు కట్టిరి, యంత్రములను నడిపించిరి.

ఈ వలయమునకు ఇంగ్లీషున "కోర్" అని పేరు. అందుచే మెమరీనే "కోర్" అనుట వాడుకయైనది. ప్రోగ్రాము మధ్యలో చెడి ఆగినప్పుడు, కారణము వెదకుటకు కోర్‌లోని దంతయు కాగితముపై కుమ్మరించెడివారు. దానిని "కోర్ డంప్" అనిరి. 1970 తరువాత సిలికాన్ చిప్పులు వచ్చి వలయములను త్రోసివేసినవి. ఇప్పుడే కంప్యూటరులోను వలయములు లేవు. అయినను నేటి సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు లినక్సు యంత్రములో ప్రోగ్రాము కూలినప్పుడు "కోర్ డంప్" వచ్చినదనియే చెప్పును.

ఉపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి ఇచ్చట కలదు. "విద్యుత్తు పోయినచో ప్రధాన మెమరీలోనిది చెరిగిపోవును" అని పుస్తకములలో నున్నది. నేటి చిప్పుల విషయమున ఇది నిజము. కాని ఫెరైటు వలయము అయస్కాంతము. విద్యుత్తు పోయినను తన స్థితిని వీడదు. అయితే దానిలోని దానిని చదువుటకు దానిని త్రిప్పి చూడవలెను. చదివినంతనే అది చెరిగిపోవును. వెంటనే తిరిగి వ్రాయవలెను. ఒక తరపు వస్తువునకు చెప్పిన నిర్వచనము మరియొక తరపు వస్తువునకు చెల్లలేదు. వస్తువును చూపక నిర్వచనమునే కంఠస్థము చేయించినచో విద్యార్థి ఈ భేదమును ఎన్నటికిని గుర్తింపజాలడు.

బూటు, అతుకు, దినచర్య

యంత్రమును నడుపు పనిలో పుట్టిన మాటలు మరికొన్ని కలవు. "కంప్యూటరును బూట్ చేయుట" అనగానే పిల్లలు కాలిజోడును తలచుకొని నవ్వుదురు. వారు తలచినది తప్పు కాదు, అది కాలిజోడే. పొడవాటి బూటును లాగి తొడుగుకొనుటకు వెనుక ఒక పట్టీ యుండును. తన పట్టీలను తానే పట్టి తన్ను తాను పైకెత్తుకొనుట యను అసాధ్యమైన పనిని గూర్చి ఇంగ్లీషువారి హాస్యోక్తి యొకటి కలదు. క్రొత్తగా స్విచ్చి వేసిన యంత్రము పరిస్థితి అట్టిదే. ప్రోగ్రాము చదువుటకు దానికి ఒక ప్రోగ్రాము కావలెను. ఆనాటి మినీ కంప్యూటర్లలో ఆపరేటరు యంత్రపు ముఖముననున్న స్విచ్చులను పైకి క్రిందికి వేసి, కొన్ని ఆజ్ఞలను చేతితోనే మెమరీలో వ్రాసెడివాడు. ఆ కొన్ని ఆజ్ఞలు కాగితపు టేపు చదువుట మాత్రము ఎరుగును. అవి తమకంటె పెద్ద ప్రోగ్రామును లోనికి తెచ్చును. అది అంతకన్న పెద్దదానిని తెచ్చును. ఇట్లు యంత్రము తన్ను తానే లేపుకొనును. నేడు ఆ మొదటి ఆజ్ఞలు చిప్పులో శాశ్వతముగ నున్నవి గనుక చేతిపని లేదు. పేరు మాత్రము నిలిచినది.

కాగితపు టేపున రంధ్రములు అక్షరములు. ఒక రంధ్రము తప్పుగ పడినచో టేపునంతను పారవేయరు. తప్పిన చోట చిన్న కాగితపు ముక్క అంటించి, సరియైన రంధ్రము పొడుచుదురు. ఆ అతుకే "ప్యాచ్". నేడు ఫోనులలోనికి నెల నెల వచ్చు సవరణలకు అదే పేరు. టేపు చుట్టను మోసికొని పోయి యంత్రపు ఇరుసుపై ఎక్కించుట "మౌంట్". నేడు పెన్‌డ్రైవు నుపయోగించుటకు ముందు యంత్రము చేయు పనికి అదే పేరు. ఓడవారు వేగమును కొలుచుటకు సముద్రమున వదలిన కొయ్యదుంగ "లాగ్". ఆ కొలతలు వ్రాసిన పుస్తకము లాగ్‌బుక్కు. ఆ అలవాటు యంత్రశాలకును వచ్చెను. ఏ గంటకు యంత్రము నడచినది, ఏ గంటకు ఆగినది, ఎవరు వాడిరి అని వ్రాయు దినచర్యకు "లాగ్" అని పేరు నిలిచెను. తన పేరు నమోదు చేసికొని లోనికి పోవుట "లాగిన్" అయినది.

మొదట ఈ పనులన్నియు చేసినవాడు ఆపరేటరు. క్రమముగ ఒకరి తరువాత ఒకరి ప్రోగ్రామును ఎక్కించు పని, టేపులను సరిచూచు పని, మెమరీని పంచు పని ఒక ప్రోగ్రామునకే అప్పగించిరి. ఆపరేటరు పనిని చేయునది గనుక అది "ఆపరేటింగ్ సిస్టమ్". మనిషికి మిగిలినవి యంత్రము నిర్ణయింపలేని పనులు. ఎవరిని లోనికి రానీయవలెను? ఎవరికి ఎంత అధికారము? చెడినచో తిరిగి తెచ్చుకొనుటకు ప్రతులెక్కడ? నిన్నటి దినచర్యలో అనుమానింపదగిన దేమైన కలదా? ఈ ప్రశ్నలకు బాధ్యత వహించువాడే సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు. అతని చేతిలో స్క్రూడ్రైవరు కన్న దినచర్య పుస్తకమే ముఖ్యము.

చేయుట వేరు, నిలుపుట వేరు

ఈ బాధ్యత ఎంత గొప్పదో దేశమునకు 1978లో అనుభవమునకు వచ్చెను. 1973 నాటి విదేశ మారక నియంత్రణ చట్టము ననుసరించి విదేశ సంస్థలు తమ భారతీయ శాఖలలో వాటాను తగ్గించుకొనవలసి వచ్చెను. ఐ.బి.యం. అందులకు సమ్మతింపక 1978లో దేశము విడిచెను. దాని యంత్రములు మాత్రము కార్యాలయములలోను, కర్మాగారములలోను, విద్యాసంస్థలలోను నిలిచిపోయినవి. వానిని బాగుచేయు నేర్పు, విడిభాగములు, వివరణ పుస్తకములు అంతవరకు ఆ సంస్థ చేతనే ఉండెను.

అట్టి అవసరమును ముందుగనే ఊహించి ప్రభుత్వము 1975లో "కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్" అను సంస్థను స్థాపించెను. యంత్రమును అమ్ముట గాక నిలుపుటయే ఆ పేరులో నున్నది. ఐ.బి.యం. విడిచిన యంత్రముల సంరక్షణను ఈ సంస్థ చేపట్టెను. సి.యం.సి. అను పొట్టి పేరుతో తరువాత అది క్రొత్త పనులకు పూనుకొనెను. రైల్వేలలో ప్రయాణికుల స్థలములను కంప్యూటరుపై కేటాయించు పద్ధతిని నిర్మించెను. 1985లో న్యూఢిల్లీలో అది ప్రయోగాత్మకముగ మొదలయ్యెను. కిటికీలో గుమాస్తా ముందున్న టెర్మినలు ఒక చోట, లెక్క యుంచు యంత్రము మరియొక చోట: నేటి పొగాకు వేలమున వ్యాపారి చేతి పరికరము, సర్వరు అనునవి ఈ యేర్పాటునకు వారసులే. ఆ సంస్థ 2015లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో విలీనమైనది.

హైదరాబాదులో తయారైన టి.డి.సి. యంత్రముల గతి యేమైనది? వాని ధర ఎక్కువయనియు, డిస్కుల వంటి అనుబంధ పరికరములకు దిగుమతి తప్పలేదనియు విమర్శలు వచ్చినవి. ఆ విమర్శలలో నిజము లేకపోలేదు. 1970 దశాబ్ది చివర ప్రైవేటు సంస్థలకును మినీ కంప్యూటర్ల తయారీకి అనుమతి లభించెను. మైక్రోప్రాసెసరు వచ్చి, ఒక గదినిండ నుండిన పనిని ఒక చిప్పులోనికి దింపెను. 1984 నాటి కంప్యూటరు విధానము దిగుమతులను సులభము చేసెను. టి.డి.సి. అను పేరు మాసిపోయెను. అట్లని ఆ శ్రమ వ్యర్థమని చెప్పరాదు. ఒక యంత్రమును కొనినవాడు దాని మీటలను ఎరుగును. ఒకదానిని కట్టినవాడు దాని లోపలిని ఎరుగును. లోపలిని ఎరిగిన ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఒక తరము ఆ నగరమున తయారైరి.

తెలుగు మాట యేది?

కర్మాగారమున పనివా డెరిగిన భాష తెలుగైనను, చిత్తుపటములపైని మాటలు ఇంగ్లీషువి. అందుచే ఈ పదములు ఇంగ్లీషు రూపముననే ప్రజలలోనికి వచ్చినవి. వీనికి తెలుగు మాటలు కల్పింపవలెనా యను వాదము నేటికిని కలదు. హార్డ్‌వేరు, సాఫ్ట్‌వేరు అను జంటను చూతము. హార్డ్‌వేరు అనగా మేకులు, బందులు, గొళ్లెములు మొదలగు ఇనుప సామాను. మన ఊళ్లలో "హార్డ్‌వేర్ స్టోర్సు" అను బోర్డు క్రింద అమ్మునది నేటికిని అదియే. కంప్యూటరులో చేతికి తగిలెడు భాగములకు ఆ పేరును వేడుకగ వాడిరి. చేతికి తగులని ప్రోగ్రాములకు దానికి ఎదురుమాటగ సాఫ్ట్‌వేరు అనిరి. 1958లో ట్యూకీ వ్రాసిన ఒక వ్యాసమున ఆ మాట అచ్చులో కనబడుచున్నది. ఇంగ్లీషువారు శాస్త్రమునకు ప్రత్యేకమైన గంభీర పదములు వెదకలేదు. ఇనుప కొట్టులోని మాట, జోడు పట్టీ, అతుకు, ఓడ దుంగ – ఇంటి చుట్టునున్న మాటలనే తీసికొనిరి.

ఇందులో మనకు పాఠము కలదు. సాఫ్ట్‌వేరునకు "తంత్రాంశము" అని వ్రాసినను, సాఫ్ట్‌వేరు అనియే వ్రాసినను, విద్యార్థి మనసున వస్తువు మెదలకున్నచో రెండును శబ్దములే. మెదలినచో రెండును చెల్లును. పదమును తెలుగు చేయుట కన్న ముందు భావమును తెలుగు చేయవలెను. పడుగు పేక యన్నప్పుడు కోర్ మెమరీ తెలియును. కరణము పెట్టె యన్నప్పుడు స్టోరేజి తెలియును. పేరు ఏ భాషదైనను తరువాత దానంతట అది నిలుచును.

ఉపాధ్యాయుని చేతిలోని యంత్రము

ఈ వస్తువులు ఎక్కడనో హైదరాబాదులోనే కలవని ఉపాధ్యాయులు అనుకొన నక్కరలేదు. ఎన్నికల విధులకు పోయిన ప్రతి ఉపాధ్యాయుడును ఒక చిన్న కంప్యూటరునకు ఒక దినము అడ్మినిస్ట్రేటరుగ పనిచేసినవాడే. ఎలక్ట్రానిక్ ఓటు యంత్రపు తొలి నమూనాను ఇ.సి.ఐ.ఎల్. 1979లో తయారుచేసెను. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘము రాజకీయ పక్షముల ప్రతినిధులకు దానిని చూపెను. 1982లో కేరళలోని పరూరున మొదటిసారి వాడిరి. నేడు ఈ యంత్రములను తయారుచేయు రెండు ప్రభుత్వ సంస్థలలో ఇ.సి.ఐ.ఎల్. ఒకటి, బెంగుళూరి భారత్ ఎలక్ట్రానిక్స్ రెండవది.

ఆ యంత్రపు భాగములను తరగతిలో చెప్పి చూడుడు. ఓటరు మీట నొక్కు బ్యాలట్ యూనిట్ ఇన్‌పుట్ పరికరము. ఓట్లు అందులో ఉండవు. ఎన్నికల అధికారి వద్దనున్న కంట్రోల్ యూనిట్ మెమరీలో ఉండును. అధికారి "బ్యాలట్" మీట నొక్కినగాని బ్యాలట్ యూనిట్ ఒక్క ఓటునైన స్వీకరింపదు. ఒక ఓటు పడినంతనే మరల తాళము పడును. ఎవరికి ఎప్పుడు అనుమతి యను అడ్మినిస్ట్రేటరు ప్రశ్నకు ఇదియే జవాబు. వి.వి.ప్యాట్ ముద్రించు చీటి అవుట్‌పుట్. బ్యాటరీ తీసివేసినను ఓట్ల లెక్క చెరగదు. ఫెరైటు వలయమునకు ఉండిన గుణమే వేరొక వస్తువున ఇచ్చట కలదు.

ఉదయము పోలింగునకు ముందు ఏజెంట్ల ఎదుట కనీసము 50 ఓట్లతో మాక్ పోల్ జరుపుదురు. అది పరీక్ష. "క్లోజ్", "రిజల్ట్", "క్లియర్" అను మూడు మీటలను వరుసగ నొక్కుట, ఫలితమును సరిచూచి మెమరీని శుభ్రము చేయుట. పిదప సీలు వేయుట భద్రత. ఏ గంటకు ఎన్ని ఓట్లు పడినవో, ఏ అవాంతరము కలిగినదో డైరీలో వ్రాయుట లాగ్. ఈ వరుస తప్పి మాక్ పోల్ ఓట్లను మెమరీనుండి చెరుపకున్నచో, అవి అసలు ఓట్లతో కలిసిపోవును. అప్పుడు దోషము హార్డ్‌వేరుది కాదు, సాఫ్ట్‌వేరుది కాదు. దినచర్య తప్పిన మనిషిది. యంత్రమును నమ్మదగినదిగ నుంచుట చివరకు మనిషి క్రమశిక్షణపై నిలిచినదని ఇంతకన్న స్పష్టముగ చెప్పు ఉదాహరణ దొరకుట కష్టము.

అనేక పాఠశాలలలో పనికిరాని కంప్యూటరొకటి మూల గదిలో దుమ్ము పట్టి యుండును. దాని తీగను గోడనుండి ఊడదీసి, విద్యుత్తు పెట్టెను మాత్రము తెరువక ప్రక్కన పెట్టి, తక్కిన మూతను ఒక గంట సేపు తీసి చూపుట మంచిది. ఇది మెమరీ, ఇది డిస్కు, ఇది ప్రాసెసరు అని పిల్లల చేతికి ఇచ్చినచో ఆ గంటలో వారు నేర్చినది మరువరు. ఆ తరువాత జంగారెడ్డిగూడెపు బాలుడు వేలము కేంద్రమున "సర్వరు ఆగినది" అను మాట విన్నప్పుడు, అది ఆకాశమున నుండు దైవము కాదనియు, ఏదో ఒక గదిలో, ఏదో ఒక బల్లమీద, మనుష్యులు చేసిన వస్తువనియు, దానిని బాగుచేయుట మనుష్యులకు సాధ్యమనియు ఎరుగును.